మంచునేలపై విమాన నిర్మాణం

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో విన్నెబాగో సరస్సు జనవరి నాటికి గడ్డకట్టి, దానిపై మోటారు వాహనాలు సైతం తిరుగుతుంటాయి. ఆ తీరాన ఉన్న ఆష్‌కాష్ పట్టణంలో ఏటా జూలై నెలాఖరున జరిగే వైమానికోత్సవానికి ఔత్సాహికులు సొంతంగా నిర్మించుకున్న విమానాలు వందలాదిగా వచ్చి దిగుతాయి. అవి రూపుదిద్దుకునే తీరు చూడాలంటే మాత్రం శీతాకాలంలోనే వెళ్లాలి.

మా అబ్బాయి పొరుగింటివారి నేలమాళిగలో రెండు సీట్ల విమానపు రెక్క ఒకటి చూశాను. బయట సున్నాకు 20 డిగ్రీలు దిగువ. లోపల హీటరు వెచ్చదనంలో ఆయన అల్యూమినియం రేకులకు రివెట్లు వేస్తున్నారు. గాజునార, ఎపాక్సీలతో కట్టేవారికి ఈ వెచ్చదనం మరీ ముఖ్యం. చలికి ఎపాక్సీ చిక్కబడి నారలోకి సరిగా ఇంకదు, త్వరగా గట్టిపడదు. (రెక్క బయటికి వెళ్లేందుకు మెట్లదారిని ముందే కొలిచారట. శ్రీమతిగారి షరతు!)

1953లో పాల్ పొబెరెజ్నీ స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ కార్యాలయం కూడా తొలుత ఆయన ఇంటి నేలమాళిగలోనే నడిచింది.

మన సంస్థలో పని చేసేవారు ఒకరు, తనిఖీ చేసేవారు వేరొకరు. అక్కడ చట్టరీత్యా పనిలో అధికభాగం ఔత్సాహికులే చేయాలి. ప్రభుత్వాధికారి వచ్చి చూసేనాటికి లోపలి అతుకులు చాలావరకు మూసుకుపోయి ఉంటాయి. అందువల్ల ఆయన ప్రతి దశకూ ఫోటో తీసి, తేదీతో వ్రాసి ఉంచుతున్నారు. తల కాస్త ఒరిగిన ఒక రివెట్‌ను నా ఎదుటే డ్రిల్లుతో తొలిచి తీసివేశారు.

"అది ఆగేదే కదా?" అన్నాను.

"బహుశా ఆగేదే. మొదట ఎగిరేది నేనే గదా!" అన్నారాయన.

ఐదు గంటలకే చీకటి పడింది. ఆ పూట 11 రివెట్లు పూర్తయ్యాయి.