వూషీ వీథులలోని వాద్యము

చీనా భాషలో ప్రాణమిత్రుని 'నాదము నెఱిగినవాడు' అను అర్థముగల మాటతో పిలుతురు. ఆ మాట వెనుక ఒక ప్రాచీన కథ కలదు. బోయా అనునతడు ఏడు తంత్రుల వాద్యమును వాయించుటలో దిట్ట. అతడు కొండను తలచి వాయించినపుడు కొండను, నదిని తలచి వాయించినపుడు నదిని, జూంగ్ జీచీ అను మిత్రుడు ఆ నాదములోనే గుర్తించెడివాడట. ఆ మిత్రుడు గతింపగా, ఇక తన వాద్యమును విను వారెవ్వరని బోయా దాని తంత్రులను త్రెంచివేసి మరల ఎన్నడును వాయింపలేదట. ఈ కథను తరతరములుగా చెప్పుకొనుచున్న జనులకు వినుటయు ఒక విద్యయే.

అట్లు శ్రద్ధతో వినదగిన చీనా వాద్యములలో ఎర్‌హు ఒకటి. చూపునకు అది మిక్కిలి సామాన్యమైనది. చిన్న కొయ్య డొల్లకు ఒక ప్రక్క కొండచిలువ తోలు బిగించియుందురు. దానినుండి పైకి లేచిన సన్నని దండము, దానికి రెండే తంత్రులు. కమాను వెండ్రుకలు ఆ రెండు తంత్రుల నడుమ చిక్కుకొని యుండును గనుక వయొలిన్ కమానువలె దానిని విడదీయుటకు వీలులేదు. వాదకుని వ్రేళ్ళు దండమునకు ఆనవు. తంత్రి మీదనే జారుచుండును. అందుచే నాదము స్వరమునుండి స్వరమునకు తెగక ప్రాకును. గమకమునకు అలవాటుపడిన తెలుగు శ్రోతకు ఈ జారుడు పరాయిదిగా తోచదు. చీనావారి ప్రాచీనమైన ఐదు స్వరముల వరుస మోహనరాగ స్వరములను తలపించును. ఐనను రాగాలాపనకై వేచియుండువాడు నిరాశపడక తప్పదు.

క్రొత్తగా వినువారు చేయు పొరపాటు మఱియొకటి కలదు. చీనా కృతులకు చిత్రపటములవంటి పేర్లుండుటచే, పేరులోని దృశ్యమునే నాదములో వెదకుదురు. ఎర్‌హు కృతులలో మిక్కిలి ప్రసిద్ధమైన దాని పేరు 'రెండవ ఊటలో చంద్రబింబము'. వూషీ నగర సమీపమున ఒక కొండ పాదమున ఊట కలదు. తేనీరు కాచుటకు దేశమునందలి జలములలో అది రెండవదని పూర్వులు లెక్కించిరి. పేరు వినగానే వెన్నెలయు, కదలని నీరును మనస్సునకు వచ్చును. కాని కృతిని కూర్చినవానికి చంద్రుడు కానరాడు. అతడు అంధుడు.

అతని పేరు హువా యెన్‌జున్. జనులు ఆబింగ్ అని పిలిచిరి. 1893లో జన్మించెను. తండ్రి తావో మతపు ఆలయమున పూజారి; సంగీతము తెలిసినవాడు. బాలుడు ఆలయమందే పిల్లనగ్రోవి, డోలు, ఎర్‌హు, పీపా అను నాలుగు తంత్రుల వాద్యము నేర్చెను. తండ్రి అనంతరము పూజారియయ్యెను గాని, వ్యాధివలన చూపు పోయినది, జీవనము వీథిపాలయ్యెను. ఆనాటి వార్తలను పాటలుగా కట్టి జనుల నడుమ పాడెడివాడు. రాత్రులందు ఎర్‌హు వాయించుచునే వీథులవెంట నడచెడివాడు.

1950లో యాంగ్ యిన్‌లియు, త్సావ్ ఆన్‌హ అను ఇరువురు సంగీత పండితులు, సన్నని ఉక్కుతీగపై ధ్వనిని ముద్రించు యంత్రముతో అతనియొద్దకు వచ్చిరి. ఇరువురును ఆ నగరమువారే. యాంగ్ బాల్యమున ఆబింగ్ యొద్దనే కొంత వాద్యము అభ్యసించినవాడు. ఆబింగ్ అప్పటికి రెండేండ్లుగా వాద్యము ముట్టలేదు. అతనియొద్ద వాయింపదగిన వాద్యమును లేదు. సాధనకు గడువడిగి, ఎరువు తెచ్చిన వాద్యములపై ఎర్‌హు కృతులు మూడు, పీపా కృతులు మూడు వాయించెను. ప్రసిద్ధమైన ఈ కృతి పేరేమని అడుగగా, దానికి పేరు లేదని మొదట అనెనని చెప్పుదురు. తక్కిన కృతులను తరువాత ముద్రింపవచ్చునని తలచిరి. ఆ డిసెంబరులోనే ఆబింగ్ మరణించెను.

ఈ సంగతి తెలిసినవాడు ఆ ముద్రణలో ఊటను వెదకడు. మొదట నిట్టూర్పువంటి చిన్న పలుకు క్రిందికి దిగును. పిదప అసలు వరుస మొదలగును. అది ఒకసారి పలికి ఊరకుండదు. ఐదుమారులు రూపుమార్చుకొని మరల మరల వచ్చును. అడిగినదానినే మరల అడుగువానివలె, వచ్చినకొలది స్వరము పైకెక్కును. తుదకు కమాను తంత్రిని గట్టిగా అదిమి, అంతలో సడలి, నాదము సన్నగిల్లిపోవును. నేటి వాదకులు ఉక్కు తంత్రులపై దీనిని ఎంతో నున్నగా వాయించుచున్నారు. కొందఱి నున్నదనము మితిమీరినదని చెప్పక తప్పదు. ఆ పాత ముద్రణలో బరబరమను ధ్వని కలదు. అందు కొంత యంత్రముది. కొంత పట్టుదారముతో పేనిన తంత్రులది. తక్కినది, గోల నడుమ, నిలిచి వినని జనుల నడుమ వినిపించుటకు అలవాటుపడిన చేతిది.

1978లో జపాను దేశపు ప్రఖ్యాత వాద్యబృంద నిర్దేశకుడు ఓజావా సేజి పెకింగులో ఒక విద్యార్థిని ఈ కృతిని వాయింపగా విని కంటతడి పెట్టెను. ఆబింగ్‌కు వచ్చిన కృతులు ఇంకను ఎన్నో ఉండెను. ఉక్కుతీగ మీదికి ఎక్కినవి ఆరు. మిగిలినవానిని ఆ వీథులలో రాత్రివేళ విన్నవారు మాత్రమే వినిరి.