పక్కవాడు కూడా బాగా చదవాలి



కార్ల రేసు అనగానే అందరికీ ఫార్ములా వన్ గుర్తొస్తుంది. నాకు జీటీ రేసులంటే ఇష్టం. అందులో రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్లను పోలినవి పరుగెత్తుతాయి. ఒకే కారును ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. వాటిలో రెండు సీజన్ల కథ మన పిల్లల చదువుకూ పనికొస్తుంది.

ఎఫ్‌ఐఏ జీటీ ఛాంపియన్‌షిప్ 1997లో మొదలైంది. అప్పటికి మెక్‌లారెన్ ఎఫ్1 జీటీఆర్ చాలా గట్టి కారు. దాన్ని ఓడించడానికి మెర్సిడెస్ కొద్ది నెలల్లోనే సీఎల్‌కే జీటీఆర్‌ను తయారు చేసింది. అయినా మొదటి మూడు రేసులూ మెక్‌లారెన్‌వే. మెర్సిడెస్ పట్టు వదల్లేదు. సీజన్ ముగిసేసరికి 11 రేసుల్లో మెర్సిడెస్ 6, మెక్‌లారెన్ 5 గెలిచాయి. ఛాంపియన్‌గా మెర్సిడెస్ డ్రైవర్ బెర్న్‌డ్ ష్నైడర్ నిలిచాడు.

1998లో 10 రేసులుంటే పదీ మెర్సిడెస్సే గెలిచింది. మన భాషలో నూటికి నూరు మార్కులు! కానీ మరుసటి ఏడాదికి ఆ కార్ల విభాగంలో పోటీకి తగినన్ని జట్లే లేవు. జీటీ1 విభాగాన్నే తీసేశారు. గెలవడం మెర్సిడెస్ తప్పు కాదు. కానీ ఎదురు నిలిచేవాళ్లు లేకపోతే పోటీయే ఉండదు.

మా ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఎప్పుడూ ఫస్ట్. జ్వరంతో పది రోజులు రాని స్నేహితురాలు నోట్సు అడిగితే, "ఇంట్లో ఇవ్వొద్దన్నారు మిస్" అంది. నేను నోట్సు ఇమ్మనలేదు. ప్యాసివ్ వాయిస్ పాఠం ఆ పాపకు నువ్వే చెప్పమన్నాను. ఆ పాప "ఇక్కడ 'బీయింగ్' ఎందుకొచ్చింది?" అని అడిగేసరికి ఈమె ఆగిపోయింది. లంచ్ బ్రేక్‌లో ఇద్దరూ కలిసి నా దగ్గరకొచ్చారు. ఇన్నాళ్లూ ఫస్ట్ ర్యాంకు పాప బట్టీ పట్టిన పాఠం ఆ రోజు అర్థమైంది.

ర్యాంకు అడగొద్దని నేను అనను. ఫీజు కట్టి, కష్టపడి చదివిస్తున్న మీకు ఆ ఆత్రుత సహజం. అయితే సాయంత్రం పిల్లలు ఇంటికొచ్చాక "నీకెన్ని మార్కులు?" అని అడిగేటప్పుడు, "ఈ రోజు ఎవరికైనా ఏమైనా నేర్పించావా?" అని కూడా అడగండి. పక్కవాడికి నేర్పితే మన పిల్లల మార్కులు తగ్గవు. వాళ్లకు పాఠం ఇంకా బాగా వస్తుంది.