ఎవరూ పట్టించుకోలేదు

మా అమ్మాయి కంప్యూటర్ తెర మీద ఒక వాక్యం చూసి, కాఫీ గ్లాసు పట్టుకుని అట్లే నిలబడిపోయాను. తెర నిండా అంకెలు, నాకు తెలియని అక్షరాలు. మధ్యలో ఒక్క ముక్క మాత్రం అర్థమైంది. "ఐఆర్‌క్యూ 17: నోబడీ కేర్డ్" అని ఉంది. ఎవరూ పట్టించుకోలేదట!

"ఇదేంది పాపా, ఇది కూడా మీ అవ్వ మాదిరి అలిగిందా?" అన్నాను.

అప్పటికి మూడు వారాలుగా పెనుకొండలో ఉన్న మా అత్త మాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఆయన ఫోన్ చేస్తే "బతికే ఉండాలే" అని పెట్టేస్తుంది. ఏం తప్పు చేశామో తెలియదు. ఈ వయసులో ఇంత కోపమేంటని లోపల నాకూ కోపమే.

పాప బెంగళూరు కంపెనీకి హిందూపురంలోని మా ఇంటి నుంచే పని చేస్తుంది. మూడు రాత్రులుగా దానికి నిద్ర లేదు. ఆ రోజు ఎందుకో విసుక్కోకుండా చెప్పింది.

వర్చువల్ మెషీన్ అంటే ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ వేషమట. అందులో డిస్కు కూడా వేషమే. ఇట్లా వేషం కట్టించే క్యూఎంయూ అనే ప్రోగ్రామును ఫ్రాన్సుకు చెందిన ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో బయటపెట్టాడు. లోపలున్న లినక్స్ మాత్రం నిజం డిస్కుతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది.

డిస్కుకు పని చెప్పి, "అయిందా, అయిందా" అని అక్కడే నిలబడదట. కుక్కర్ పెట్టి మనం బట్టలు మడత పెట్టుకున్నట్టు వేరే పని చూసుకుంటుంది. పనయ్యాక డిస్కే పిలుస్తుంది. ఆ పిలుపే ఇంటరప్ట్. ప్రతి పిలుపుకూ ఒక నెంబరు. పాత కంప్యూటర్లలో డిస్కులకు 14, 15 నెంబర్లు ఖాయంగా ఉండేవి. తర్వాత పరికరాలు పెరిగాయి. ఎవరు ఏ నెంబరు మీద పిలుస్తారో చెప్పే పట్టిక వచ్చింది. లినక్స్ లేస్తూనే ఆ పట్టిక చదువుకుని, ఆ నెంబరు దగ్గర చెవి పెట్టుకుని కూర్చుంటుంది.

"పట్టికలో 16 అని ఉండాది మా. వేషం డిస్కు మోగించేది 17" అంది పాప.

"17 ఎవరిది?"

"నెట్‌వర్క్ కార్డుది. దాన్ని చూసుకునే ప్రోగ్రాము లేచి, 'ఇది నాకొచ్చిన పిలుపు కాదు' అని పడుకుంటుంది. గంట మాత్రం ఆగదు. అందుకోవాల్సినోళ్లు అందుకునేదాకా మోగే రకం అది."

లక్ష సార్లు మోగితే అందులో 99,900 సార్లకు మించి "నాది కాదు" అనే జవాబే వస్తే, లినక్స్ ఆ వాక్యం రాసి, ఆ నెంబరునే మూసేస్తుందట. దాంతో ఏ పాపమూ తెలియని నెట్‌వర్కు కూడా మూగబోతుంది. ఇటు 16 దగ్గర కూర్చున్నవాడు 30 సెకండ్లు చూసి, డిస్కు పలకడం లేదని ఫిర్యాదు రాసుకుంటాడు.

మొదటి రోజు పాప డిస్కునే అనుమానించింది. రెండో రోజు నెట్‌వర్కును. రెండూ బాగానే ఉన్నాయి. చివరికి ఏ నెంబరు ఎన్నిసార్లు మోగిందో లినక్స్ రాసుకునే లెక్క తెరిచి చూసింది. 16 దగ్గర సున్నా. 17 దగ్గర లక్ష.

"డిస్కు పిలిచింది. లినక్స్ వింటూనే ఉంది. ఇద్దరిదీ తప్పు లేదు మా. మధ్యలో పట్టికే తప్పు."

పట్టికలో ఒక్క వరుస మార్చి, అది ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. నాకే నిద్ర పట్టలేదు.

ఆదివారం ఆయన్ను బలవంతంగా పెనుకొండకు బయల్దేరదీశాను. అత్త మంచంలోంచి లేవలేదు. ఎవరిది తప్పని నేను అడగలేదు. ఆమె ఫోన్ తీసుకుని, ఆమె ఎప్పుడూ నొక్కే 1 నొక్కిపెట్టాను. నా పక్కనే నిలబడ్డ ఆయన ఫోన్ మోగలేదు. మళ్లీ నొక్కాను. నాలుగోసారి ఎవరో తీశారు. వెనక మగ్గాల చప్పుడు. "రాంగ్ నెంబర్ అని ఎన్నిసార్లు చెప్పాల అవ్వా!"

ధర్మవరం!

నిరుడు ఆయన నెంబరు మార్చుకుని, పాత సిమ్ వృథాగా పడుంది కదా అని మా వదిన వాళ్ల చీరల అంగడికి ఇచ్చాం. అత్త ఫోన్లో ఒకటో బటన్ మార్చాలని నాకే తోచలేదు. కొడుకు ఫోన్ చేసినప్పుడు బాగానే వినపడేది కాబట్టి ఆమెకూ అనుమానం రాలేదు. పెనుకొండ నుంచి హిందూపురం రావాల్సిన పిలుపు, అదే రైలు దారిలో ఎదురుదిక్కున ధర్మవరం పోయింది. అంగడిలో కొత్తగా చేరిన పిల్లోడు ఆ మోతలో గొంతు పట్టలేక, విసిగి, ఫోన్ సైలెంట్‌లో పెట్టేశాడు. చీరల కోసం చేసేవాళ్ల ఫోన్లూ పోయాయని వదిన తర్వాత మొత్తుకుంది.

"రెండు రాత్రులు జ్వరం మా" అంది అత్త గోడవైపు తిరిగి. "నొక్కీ నొక్కీ వేలు నొప్పి పుట్టింది. పక్కింటామె మాత్ర ఇచ్చింది. మావాళ్లకు నేను బరువైపోయినా అనుకున్యా."

నా చేతులు వణికాయి. పాత నెంబరు తీసేసి కొత్తది పెట్టి, ఫోన్ ఆమె చేతికే ఇచ్చాను. ఆమె 1 నొక్కింది. ఆయన జేబులో ఫోన్ మోగింది. ఎదురుగా నిలబడే ఫోన్ తీసి, "చెప్పుమా" అన్నాడు.

అత్త ఫోన్ చెవికి గట్టిగా అదిమి పెట్టుకుంది.

"జ్వరమొచ్చింది నాయనా" అంది. జ్వరం తగ్గి అప్పటికి పక్షం రోజులైంది.