కళ్లజోడు

విశాఖపట్టణమున నేను యానిమేషను విద్య నభ్యసించుచున్న దినములలో, మూడవ సెమిస్టరున మా కొక పని యిచ్చిరి. కంప్యూటరు ఆటకు పనికివచ్చు ‘కొండజాతి నాయిక’ నొకతెను మేము కల్పింపవలెను. మొదట కాగితముపై పాత్ర రూపకల్పనము. పిమ్మట ఎముకలను కండలను తెలుపు శరీరచిత్రములు. తుదకు కంప్యూటరులో ముందువెనుకలు త్రిప్పి చూడదగిన ప్రతిమ. ఆ ప్రతిమకు మూడు కదలికలు విధింపబడినవి: బల్లెము విసరుట, నాట్యమాడుట, దెబ్బతిని పడుట. రూపకల్పనమును నే నొక్క రాత్రిలో ముగించితిని. తలపై గ్రద్ద యీకలు, మెడలో ఎముకల దండ, బుగ్గలపై తెల్లని చారలు, నడుమునకు చిరుతపులి తోలు. మా యుపాధ్యాయుడు చూచి, “జీవము గలదు” అని మెచ్చుకొనెను. నేనును పొంగిపోయితిని.

చదువరులారా, ఆ జీవ మెక్కడినుండి వచ్చినదో యిప్పుడు చెప్పెదను. ఈకలు ఉత్తర అమెరికా మైదానములలోని జాతులవి. చారలు ఆఫ్రికాను గూర్చిన యేదో చలనచిత్రములోనివి. ఎముకల దండ పిల్లల బొమ్మల పుస్తకముల సొత్తు. ఇక చిరుతతోలు మన తెలుగు సినిమాలలో కొండవారి పాట కాడు బృందముయొక్క దుస్తుల పెట్టెలోనిది. నేను పుట్టి పెరిగిన యూరినుండి తూర్పుకనుమలు కంటి కగపడును. అరకులోయ సుమారు 115 కిలోమీటర్ల దూరము. అయినను నా నాయిక యొడలిపై ఆ కొండలకు సంబంధించిన నూలుపోగైనను లేదు.

శరీరచిత్ర విద్యయందు మాకు నేర్పిన కొలత యొకటే. సామాన్యుని యెత్తు తన తలకు 7½ రెట్లు. వీరుని యెత్తు 8 రెట్లు. ఈ యెనిమిది తలల లెక్క రోమను గ్రంథకర్త విట్రూవియసు చెప్పినది. 1490 ప్రాంతమున లియొనార్డో డావించి వృత్తములో నిలిపిన మనుష్యునికి మూలము. మనకును కొలతలు లేకపోలేదు. విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రము పురుషుల నైదు తెగలుగా విభజించి, హంసునకు 108 అంగుళములును శశకునకు 90 అంగుళములును విధించినది. ఇవియు నవియు ఆదర్శములే. సంతలో పసుపు తూచు స్త్రీని చూచి వ్రాసినవి కావు.

కంప్యూటరు వచ్చి యీ చిక్కును పోగొట్టలేదు సరికదా, మరింత బిగించినది. బ్లెండరు అను సాధనము 2002వ సంవత్సరమునుండి యెల్లవారికిని ఉచితముగా లభించుచున్నది. దానివలన నావంటి పేదవిద్యార్థులకు గలిగిన మేలు నేను మరువజాలను. కాని విద్యార్థి మట్టిముద్దతో పని యారంభింపడు. ఎవరో చేసి యుంచిన దేహమును దింపుకొనును. కాళ్లు నిలువుగ నిలిపి, రెండు చేతులును చాచి, శిలువవలె నిలుచున్న తెల్లదొరల దేహ మది. దానికి నల్లరంగు పూసి యీకలు గ్రుచ్చినచో కొండజాతి నాయిక యగును! నేను చేయబూనినదియు నదియే.

సజీవులను చూచి వ్రాసిన పుటలు ఇరువది చూపవలెనని నియమ ముండుటచే, మార్గశిరమాసమున నొక యుదయమున కిరండూలు పోవు రైలెక్కితిని. సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తున నున్న శిమిలిగుడ దాటగా లోయ తెరచుకొనెను. వలిసె చేలు విరియబూచి కొండవాలు లన్నియు పచ్చబడియుండెను. అది సంతదినము. అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్లు, అల్లము, పిప్పళ్లు, వాని మధ్య ప్లాస్టికు బకెట్లు, ఫోను తొడుగులు. నేను ‘నాకు కావలసిన మోము’ కొరకు వెదకుచు నడచితిని. ఆ మాటలోనే తప్పున్నదని యప్పుడు నాకు తోచలేదు.

పసుపుకొమ్ముల కుప్ప యెదుట నొక వృద్ధురాలు గొంతుకూర్చుండి యుండెను. నూలుచీరపై ఊలు స్వెట్టరు. ముక్కునకు రెండువైపులను పుడకలు. కంటికి నల్లచట్రపు కళ్లజోడు, ఒక కాడ విరిగి దారముతో కట్టబడియున్నది. “అమ్మా, నీ బొమ్మ వేసుకోనా?” అని యడిగితిని. “పసుపు కొంటావా?” అని యామె యడిగెను. అరకిలో కొంటిని. అరగంట వ్రాసితిని. ముగిసిన పిదప ఆమె పుస్తకము నందుకొని చాలసేపు చూచి, “ఏటి బాబూ, నా కళ్లజోడేదీ?” అనెను.

నిజమే. కళ్లజోడు లేదు. స్వెట్టరును లేదు. విడువవలెనని నేను సంకల్పించి విడిచినవి కావు. నా చేయి తనంతట తానే వానిని తప్పించుకొని పోయినది. “అది నేకపోతే నాకు తూకం కనపడదు” అని యామె మెల్లగా చెప్పెను. ప్రక్కన అల్ల మమ్మునతడు పకపక నవ్వెను. నా సిగ్గును కప్పిపుచ్చుకొనుటకో, నేర్పును చూపుకొనుటకో, ఫోనులో నున్న నా యీకల నాయికను తీసి చూపితిని. ఆమె కళ్లజోడు సవరించుకొని చూచి, “ఈవిడెవులు బాబూ? మీ ఊరోళ్లా?” అని యడిగెను.

మరియొక పుట త్రిప్పి మరల వ్రాసితిని.

ఆ రాత్రి బసలో నాకు థర్‌స్టను దొర జ్ఞప్తికి వచ్చెను. మద్రాసు వస్తుప్రదర్శనశాల కధ్యక్షుడుగా నుండిన యితడు దక్షిణదేశపు కులములను తెగలను గూర్చి 1909లో ఏడు సంపుటములు ప్రకటించెను. ఈ కొండలలోని గదబలు, పోరోజలు, ఖొండులు అందున్నారు. తలల పొడవును ముక్కుల వెడల్పును కొలిచి పట్టికలు వేయుట యతని పద్ధతి. వయనాటిలోని పణియ స్త్రీలు, తమలో చక్కనివారిని ఈ దొర గడ్డి కూరి మద్రాసు ప్రదర్శనశాలలో నిలుపునని భయపడిరట, అతడే వ్రాసియున్నాడు. చదివినపుడు నేను నవ్వితిని. కాని లోపల బోలు, పైన వలవలె నల్లిన చర్మము, ఎన్నటికిని చెడని దేహము, ఎవరు త్రిప్పిన నటు తిరుగు మెడ: నేను నేర్చుకొనుచున్న విద్య యిదియే కదా! ఆ నవ్వు నా కారాత్రి మింగుడుపడలేదు.

అందరు నట్లే చూచిరని కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలను గూర్చి వ్రాయుటకు ముందు వారి భాష నేర్చిరి. వారి పిల్లలకు ఆ భాషలోనే వాచకములు కూర్చి బడులు పెట్టించిరి. సవరభాషా వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడెను. (వాడుకభాషకై పోరాడిన యా పెద్దను గూర్చి గ్రాంథికమున వ్రాయుచున్నందులకు ఆయన యాత్మ నన్ను మన్నించునుగాక.)

ఇంటికి వచ్చి ఈకల బొమ్మను తీసివేసి, ఆమె గొంతుకూర్చున్న తీరునే ప్రతిమగా చేయ నారంభించితిని. దింపుకొన్న దేహమును మోకాళ్లకడ మడువగా, తొడ పిక్కలోనికి చొచ్చుకొనిపోయెను. తుంటికడ చర్మము కాగితపు సంచివలె నలిగెను. ఆ దేహమును చేసినవారు అది కుర్చీలో కూర్చుండునని తలచియుందురు గాని, నేలపై గొంతుకూర్చుండునని తలపలేదు. తొడయెముక తల తుంటిగిన్నెలో నెంత తిరుగును, పిక్కకండ తొడ క్రింద నొత్తుకొని ప్రక్కలకెట్లు పరచుకొనును, మడమలు నేల విడువకుండ బరువు ముందున కెట్లు వాలును, ఇవేవియు మాకు నేర్పిన నిలువు బొమ్మలో లేవు. మా యమ్మను వంటయింట గొంతుకూర్చుండుమని బ్రతిమాలి, నలువైపుల ఛాయాచిత్రములు తీసి, మోకాలి చుట్టును వలయములు కొత్తగా నల్లితిని. మూడు వారములు పట్టెను. కళ్లజోటి కాడకు కట్టిన దారమునకు మరి రెండు దినములు.

విధించిన మూడు కదలికలకు బదులు ఒక్కటే చేసితిని: తక్కెడ యెత్తి, ముల్లు చూచి, ఒక కొమ్ము తీసి మరల వేయుట. మార్కులు తగ్గినవి. “కొండజాతి యని తెలియుట లేదు” అని ప్రక్కన వ్రాసి యుండెను. ప్రతిమను ఆటలు చేయువారికి అమ్ముకొనవచ్చునని సహాధ్యాయులు సలహా చెప్పిరి.

వేసవి రాకముందే చిత్రమును అచ్చువేయించుకొని మరల సంతకు పోయితిని. ఆమె అక్కడనే యుండెను; కళ్లజోటికి కొత్త కాడ వచ్చినది. ఈ బొమ్మ కంప్యూటరులో కదలునని చెప్పితిని. “ఎవులు కదిలిస్తారు?” అని యడిగెను. ఆట ఆడేవాళ్లంటిని. “నాసేత ఏటి సేయిస్తారు?”

పసుపు తూయిస్తారని చెప్పితిని. నా చేతిలో నున్నంతవరకు అది నిజము. ఒకసారి చేయి దాటిన ప్రతిమ చేత బల్లెము పెట్టుటకు ఎంతసేపు పట్టునో నాకు తెలియును గనుక, దానిని నేటివరకు నే నెవరికిని ఇయ్యలేదు, అమ్మలేదు.

ఆమె చిత్రమును ప్రక్కవారి కందించి, వారు చూచిన పిదప మరల తీసికొని, వ్రేలితో చూపి, “కుడిసెయ్యి పొడుగైపోనాది బాబూ” అనెను. ఇంటికి వచ్చి కొలిచి చూచితిని. మోచేతి క్రింద నర యంగుళ మెక్కువ యున్నది.