మన మాటల్లో పరభాషా పదాలు

మాటకు ముందొక ఆంగ్లపదం, వెనుకొక ఆంగ్లపదం లేనిదే మాట్లాడలేరా అని పెద్దలు మమ్మల్ని మందలిస్తుంటారు. తెలుగు ఇండ్లలోనూ, ఉర్దూ ఇండ్లలోనూ ఈ మందలింపు ఒక్కటే. ఇది అజ్ఞానమా, ఆడంబరమా, వేరొక కారణమున్నదా అని విద్యార్థులమైన మేము ఆలోచింపవలసి ఉన్నది.

మా మడికొండ ప్రాంతానికి ఈ కలయిక క్రొత్త కాదు. నిజాం పాలనలో ఉర్దూ అధికారభాష. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య సైతం ఉర్దూలోనే సాగినది. కచేరీకి వెళ్లిన రైతు దరఖాస్తు, రసీదు, వకీలు వంటి పదాలను ఇంటికి తెచ్చుకున్నాడు. నేడవి పరాయివని ఎవరికీ తోచదు. 1948 తరువాత ఉన్నత విద్యలో ఉర్దూ స్థానం ఆంగ్లానికి దక్కినది. కాజీపేట స్టేషను టికెట్టును, సిగ్నలును నేర్పినది. కళాశాల ఫీజును, పీరియడును నేర్పినది. వస్తువు వెంట పదమూ, అధికారం వెంట భాషా రావడం లోకసహజం.

హాంకాంగులోనూ ఇదే తీరు. 1974 వరకు అక్కడ ఆంగ్లమొక్కటే అధికారభాష. అచటి కాంటనీస్ ప్రజలు నేటికీ ఆంగ్లపదాలు కలుపుతారు. కాని ఆంగ్లక్రియకు తమ ప్రత్యయాన్నే తగిలిస్తారు. మనమూ అంతే. ‘పీరియడ్ క్యాన్సిల్ అయింది’ అని ఒకరూ, ‘పీరియడ్ క్యాన్సిల్ హోగయా’ అని వేరొకరూ అన్నప్పుడు ఆంగ్లపదాలు అతిథులు మాత్రమే. వాక్యాన్ని నడిపే యజమాని తెలుగో, ఉర్దూయో.

భయపడవలసిన తావు మరొకటి ఉన్నది. చిన్నాయన, మేనమామ, చచా, మామూ అందరూ నేడు ‘అంకుల్’ అయిపోయినారు. ఇచట మనం లేని పదాన్ని తెచ్చుకోలేదు. ఉన్నదానిని నామోషీతో విడిచినాము. తల్లి తరఫువారెవరో, తండ్రి తరఫువారెవరో తెలిపే మాట దానితోనే పోయినది. ఒకే బెంచిపై కూర్చునే తెలుగు, ఉర్దూ మిత్రులు పరస్పరం ఆంగ్లంలోనే పలకరించుకొనడం అంతకంటె విచారకరం.

మడికొండలో పెరిగిన కాళోజీ నారాయణరావు ఉర్దూ, మరాఠీ, ఆంగ్లం మొదలైన భాషలెరిగియు ప్రజల పలుకుబడికే పట్టం కట్టినారు. వారి జన్మదినమైన సెప్టెంబరు 9 నేడు తెలంగాణ భాషా దినోత్సవం. అవసరానికి వచ్చిన పదాన్ని మనం ఆదరిద్దాము. సిగ్గుతో వదలిన పదాన్ని మరల నోట పలుకుదాము. మిత్రుని ఇంటి భాషలో నాలుగు మాటలైనా నేర్చుకొందాము.