గాలి తీస్తేనే బండి కదిలేది!

టైరులో గాలి తగ్గితే ఎవరైనా పంక్చర్ షాపు కోసం వెతుక్కుంటారు. ఐస్‌లాండ్‌లో మాత్రం వత్నయోకుల్ హిమానీనదం అంచుకు చేరగానే పికప్ ట్రక్కులు ఆగేది గాలి తీయడానికే! రోడ్డుమీద పాతిక దాకా ఉండే పీఎస్ఐని మెత్తటి మంచులో మూడు, నాలుగుకు దించేస్తారు. అప్పుడు టైరు చపాతీలా పరుచుకుని, రెండు టన్నులు దాటిన బండిని కూరుకుపోకుండా మోస్తుంది. తిరిగి రోడ్డెక్కేముందు బండిలో ఉన్న కంప్రెసర్‌తో గాలి నింపుకుంటారు.

అందుకే అక్కడ మంచుమీద తిరిగే బండికి టైరు కొనేవాళ్లు గట్ల లోతు ఒక్కటే చూడరు. ఎత్తు, వెడల్పు, మెత్తగా వంగే పక్కగోడలు ముఖ్యం. 38 అంగుళాల టైరంటే మూడేళ్ల పిల్లాడంత ఎత్తు! 44 అంగుళాలవీ ఉన్నాయి. అవి పట్టడానికి హైలక్స్‌లాంటి బండ్ల చక్రాలపైన రేకు కోయిస్తారు. మంచులో చిక్కుకున్నవారికోసం వెళ్లే స్వచ్ఛంద సహాయ దళాలకూ ఇలాంటి బండ్లే దిక్కు.

ఇంత టైరున్నా ఎక్కడపడితే అక్కడ తిరగనివ్వరు. దారి వదిలి నేలమీదికి దిగితే జరిమానా! గడ్డకట్టిన నేలను మంచు కప్పినచోటే అనుమతి. నాచుమీద పడిన టైరు చార మానడానికి దశాబ్దాలు పడుతుంది మరి. మంచుమీది చారనైతే మళ్లీ కురిసే మంచే చెరిపేస్తుంది.