పైన గంట... కింద మూడున్నర!

ఆదివారం పొద్దున్నే పెదకాకాని గుడి ముందు కొత్త బండ్లు బారులు తీరతాయి. కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు... వాటికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. మల్లేశ్వరస్వామికి చూపించాకే బండి రోడ్డెక్కాలన్నది గుంటూరు చుట్టుపక్కల వాళ్ల నమ్మకం. చక్రాలున్న ప్రతిదీ ఇక్కడికొస్తుంది, ఒక్క విమానం తప్ప!

ఆ మాటకొస్తే ఈ ఊరి మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీదికి విమానాలొచ్చిన ముచ్చటా ఉంది. 2022 డిసెంబరులో కొరిశపాడు దగ్గర అత్యవసర రన్‌వేగా మలిచిన రోడ్డు మీద వైమానిక దళం ట్రయల్ రన్ చేసింది. అది చూడ్డానికే గానీ ఎక్కడానికి కాదు. ఎక్కాలంటే గన్నవరం పోవాల్సిందే.

తిరుపతి వెళ్లేవాళ్లకు అక్కడే తమాషా మొదలవుతుంది. తిరుపతి ఉన్నది దక్షిణాన. వాళ్లు బయల్దేరేది ఈశాన్యానికి! కృష్ణ దాటి, బెజవాడ ట్రాఫిక్ దాటి దాదాపు 45 కిలోమీటర్లు పోవాలి. గన్నవరం నుంచి రేణిగుంటకు మ్యాపు మీద గీత గీస్తే అది తెనాలి పక్కగా వచ్చి, బాపట్ల దగ్గర సముద్రం మీదికెళ్లి, నెల్లూరు జిల్లాలో మళ్లీ నేల మీదికొస్తుంది. అంటే టికెట్ కొనుక్కుని మరీ సొంత ఊరి పక్కనుంచే వెనక్కి రావడం అన్నమాట.

ఆ గీత పొడవు సుమారు 350 కిలోమీటర్లు. ఈ దారికి సరిపోయే ఏటీఆర్ రకం చిన్న విమానం గంటకు 500 కిలోమీటర్ల దాకా పోగలదు. లెక్కప్రకారం ముప్పావుగంట కూడా పట్టకూడదు. కానీ టైంటేబుల్ చూస్తే గంట పైనే! విమానం కదిలిన దగ్గర్నుంచి అవతల ఆగేదాకా వాళ్ల లెక్క. రన్‌వే దాకా నడక, పైకెక్కడం, వేగం తగ్గించుకుని దిగడం... అన్నీ అందులోనే.

మిగతాది ఇంటివాళ్లు వేసుకోవాల్సిన లెక్క. గన్నవరానికి గంటంబావు. కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి, సోదాలతో కలిపి ఇంకో గంటన్నర. దిగాక పెట్టెల కోసం ఇరవై నిమిషాలు. రేణిగుంట నుంచి తిరుపతికి అరగంట. అంతా కలిపితే నాలుగూ నలభై!

మరి రైలో? 2023 ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్-తిరుపతి వందే భారత్ గుంటూరులో ఆగుతుంది. పెదకాకాని నుంచి గుంటూరు ఎంత, ఆటో దూరం. అక్కడ ఎక్కితే సుమారు అయిదు గంటల్లో తిరుపతి. స్టేషన్‌కి వెళ్లే సమయం కలుపుకున్నా తేడా గంటలోపే. పైగా పులిహోర డబ్బాను ఎవరూ తెరిచి చూడరు! చిన్న విమానాల సర్వీసులు ఈ రూటులో వస్తూ పోతూ ఉంటాయి కూడా. మూడొందల టికెట్‌లో దర్శనం వేళ ముందే రాసి ఉంటుంది కాబట్టి, పెదకాకాని వాళ్లకు రైలే భద్రం. గన్నవరం పక్క ఊళ్ల వాళ్లకైతే విమానమే లాభం.

కడప ప్రయాణంలో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. గాల్లో 310 కిలోమీటర్లే. బస్సులో అయితే రాత్రంతా కుదుపులే. 2022 మార్చిలో విజయవాడ-కడప సర్వీసు మొదలయ్యాక, ఈశాన్యానికి తిరిగి వెళ్లడమూ గిట్టుబాటే అనిపించింది.

తిరుపతిలో దిగాక కొండ మీదికి ఘాట్ రోడ్డు ఎలాగూ ఉంది. అక్కడ విమానం వాళ్లూ, రైలు వాళ్లూ ఎక్కేది ఒకే బస్సు.